దానమునకు వెల
(టిట్మస్ గ్రంథ విమర్శనము)

రిచర్డు టిట్మస్ అను ఆంగ్లేయుడు 1970వ సంవత్సరమున 'ది గిఫ్ట్ రిలేషన్‌షిప్' అను గ్రంథమును ప్రకటించెను. దానసంబంధమని ఆ పేరునకు అర్థము చెప్పికొనవచ్చును. మనుష్యరక్తమును దానముగా గ్రహించుట మేలా, వెల యిచ్చి కొనుట మేలా యనునది అందలి చర్చ. ఏబదియేండ్లు గడచినను, మూత్రపిండమునకో, కాలేయమునకో, నేత్రమునకో దాతలు చాలక, వారికేదేని ప్రోత్సాహక మీయవచ్చునా యని యెచ్చటనైనను చర్చ పుట్టినప్పుడెల్ల ఇరుపక్షములవారును ఈ పుస్తకమునే చేతబట్టుచున్నారు. ఒకరికిది ప్రమాణము, మఱియొకరికిది పూర్వపక్షము. మొదటినుండి తుదివరకు దీనిని చదివినవారు మాత్రము రెండు పక్షములందును కొలదిమందియే యని నా యనుమానము.

గ్రంథకర్త 1907లో పుట్టినవాడు. కళాశాలలో చదివి పట్టము పొందినవాడు కాడు. బీమా కంపెనీలో గుమాస్తాగా నుండి, జననమరణముల లెక్కలతో పరిచయము సంపాదించి, 1950లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్సున ఆచార్యపదవి నధిష్ఠించెను. ఈ పూర్వచరిత్ర పుస్తకమందంతటను కనబడుచునే యున్నది. నీతిని గూర్చి మాటలాడునపుడు కూడ ఆయన చేతినుండి లెక్కల చిట్టా జారదు. ఇంగ్లాండులో ప్రజలు రక్తమును ఉచితముగా నిచ్చుచుండిరి. పుచ్చుకొనువా డెవడో వారికి తెలియదు. ఆయన అట్టి దాతలను సుమారు 3,800 మందిని ప్రశ్నించి, మీరేల యిచ్చితిరని వారి నోటనే చెప్పించెను. అమెరికాలో నాడు రక్తము చాలవరకు క్రయవిక్రయవస్తువు. అమ్మువారు పనిలేనివారు, త్రాగుబోతులు, కూలి దొరకని బీదలు. తనకు రోగము కలదని చెప్పినచో ఆ దినమున డబ్బు రాదు. కావున చెప్పడు. ఆ రక్తముతో కామెర్ల వ్యాధి రోగులకు సంక్రమించెను. అంగడి పద్ధతి యందు రక్తము వృథాయగుట హెచ్చు, కొఱత హెచ్చు, ఖర్చు హెచ్చు, దోషము హెచ్చు అని ఆయన లెక్కలు గట్టి నిరూపింప యత్నించెను. ఆ దేశపు ప్రభుత్వము 1978 నుండి ప్రతి రక్తపు సంచిమీదను అది వెలకు వచ్చినదో, ఉచితముగా వచ్చినదో వ్రాయవలెనని శాసించెను. ఒక ఆచార్యుని పుస్తకము ఇంత పని చేయుటకు తోడ్పడుట అరుదు.

ఐతే గ్రంథమునందలి ముఖ్యవాదము ఆరోగ్యమును గూర్చినది కాదు. అంగడి ప్రవేశించినచోట దానబుద్ధి క్షీణించునని ఆయన సిద్ధాంతము. దీనిని కెన్నెత్ ఆరో అను అమెరికా అర్థశాస్త్రవేత్త 1972లో ఒక దీర్ఘవ్యాసమున ప్రశ్నించెను. అమ్మదలచినవాడు అమ్ముకొనుటకు వీలు కల్పించినంతమాత్రమున, ఈయదలచినవానికి వచ్చిన విఘ్న మేమి? వాని హస్తము నెవ్వరు పట్టుకొనిరి? ఈ ప్రశ్న సామాన్యమైనది కాదు. టిట్మస్ తన గ్రంథమున దీనికి సరియైన సమాధాన మీయలేదు. ఇచ్చినట్లు భావించెను, అంతే.

సమాధానము తరువాతివారు వెదకిరి. స్వీడనులోని గోథెన్‌బర్గ్ నగరమున ఇద్దరు పండితులు చేసిన పరీక్ష 2008లో వెలువడెను. స్త్రీలలో ఊరక రక్తమిత్తుమన్నవారు నూటికి 52 మంది. ఏబది క్రోనారులిత్తుమని చెప్పగా ఇత్తుమన్నవారు 30 మందియే. ఆ సొమ్మును మీరు కోరినచో ధర్మకార్యమునకు పంపవచ్చునని చెప్పగా సంఖ్య మరల 53 అయ్యెను. పురుషులలో ఇట్టి భేదము స్పష్టముగా కానరాలేదు. కావున టిట్మస్ ఊహ పూర్తిగా కల్ల కాదు. కాని 2013లో 'సైన్స్' పత్రికయందు మఱి ముగ్గురు పండితులు వాస్తవముగ జరిగిన రక్తదానములనుండి పందొమ్మిది విధములైన ప్రోత్సాహకముల ఫలితము లెత్తిచూపిరి. వానిలో పదునెనిమిదింటి వలన దానము పెరిగినదే గాని తగ్గలేదు. కావున బహుమాన మిచ్చినచో దానబుద్ధి చచ్చునని సూత్రము చేసి చెప్పుటకు వీలులేదు. మనుష్యుని మనస్సు సూత్రములకు లొంగునది కాదు. ఏమి ఇచ్చిరి, ఎట్లు ఇచ్చిరి, ఎవరి కిచ్చిరి యనుదానిని బట్టి మారును.

గ్రంథమునందలి మఱియొక లోపము చరిత్ర వెల్లడించినది. ఇంగ్లాండు దానముచేతనే తన యవసరములు తీర్చుకొను ధర్మదేశమని టిట్మస్ చిత్రించెను. ఆయన 1973లో మరణించెను. ఆ దశకముననే, రక్తము గడ్డకట్టని వ్యాధి గలవారికి వలయు ఔషధమును ఆ దేశము అమెరికానుండి కొనసాగెను. ఆ ఔషధము వెలకు కొన్న రక్తరసమునుండి తీసినది. దానివలనను, ఇతరవిధముల ఎక్కించిన రక్తమువలనను ముప్పదివేల మందికి పైగా కాలేయవ్యాధియో, ఎయిడ్సు వ్యాధియో సంక్రమించెనని 2024లో ఆ దేశపు విచారణసంఘము నివేదించెను. వెలకు వచ్చిన రక్తము ప్రమాదకరమని టిట్మస్ హెచ్చరించిన మాట యథార్థమయ్యెను. ఇంగ్లాండు దానముతోనే జీవించునన్న మాట అబద్ధమయ్యెను. ఇంటిలో వండక, పూటకూళ్ళయింటినుండి తెప్పించుకొని తినుచు, మా యింట మడి చెడలేదని చెప్పుకొనుట వంటిదిది.

రక్తమును గూర్చిన వాదమును అవయవములకు యథాతథముగా తెచ్చి పెట్టుటకు వీలు లేదు. రక్తము మరల ఊరును. కోసి యిచ్చిన మూత్రపిండము మరల మొలవదు. మన దేశమున అవయవవిక్రయమును నిషేధించు చట్టము 1994లో వచ్చెను. 2011 సవరణచేత కణజాలములును అందు చేరెను, శిక్షలును పెరిగెను. చట్టము వచ్చిన పిమ్మటను అమ్మకము ఆగలేదు. 2001లో చెన్నపట్టణమున, మూత్రపిండము నమ్ముకొన్న 305 మందిని ప్రశ్నించి చేసిన పరిశోధన మరుసటి సంవత్సరము అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రకటితమయ్యెను. వారిలో నూటికి 96 మంది అప్పు తీర్చుటకే అమ్మిరి. సగటున ముట్టినది 1,070 డాలర్లు. అమ్మిన తరువాత కుటుంబపు ఆదాయము సగటున మూడవవంతు తగ్గెను. అప్పు తీర్చుటకని అమ్మినవారిలో నూటికి 74 మందికి అప్పు ఇంకను మిగిలియే యుండెను. మీవంటి స్థితిలో నున్నవానికి ఈ పని చేయుమని చెప్పుదురా యని యడుగగా నూటికి 79 మంది చెప్పమనిరి.

ఈ సంఖ్యలను చదివి, 'ఇది దళారుల పాపము. ప్రభుత్వమే న్యాయమైన వెల నిర్ణయించి యిచ్చినచో ఈ యనర్థ ముండదు' అనువారు కలరు. వారు పారశీకదేశమును చూపుదురు. అచ్చట 1988 నుండి మూత్రపిండ మిచ్చువానికి ప్రభుత్వము కొంతయు, పుచ్చుకొనువాడు కొంతయు నిచ్చు పద్ధతి నడచినది. దళారి తొలగుట మేలే, సందేహము లేదు. కాని అచ్చటను ఇచ్చువాడు బీదవాడే. పాలకుడు వెల గట్టినంతమాత్రమున అప్పు స్వభావము మారదు. గడువు ముంచుకొని వచ్చినవానికి 'నీ యిష్టము' అని చెప్పుట యెట్టి స్వేచ్ఛయో, వడ్డీవ్యాపారి వాకిట నిలుచుండినవానికే తెలియును. ఆరోగారి తర్కము ఇచ్చటనే విఫలమగుచున్నది. ఆయన దృష్టిలో నున్నవాడు ఇచ్చుటకును అమ్ముటకును నడుమ తీరికగా ఎన్నుకొను మనుష్యుడు. చెన్నపట్టణపు 305 మందిలో అట్టివా డెందరో?

మన దేశమున ఈ చర్చకు టిట్మస్ కంటె మిక్కిలి ప్రాచీనులైన సాక్షులు కలరు. అవయవదానమును గూర్చి యుపన్యసించువారు దధీచిని, శిబిని, కర్ణుని స్మరింపక విడువరు. నాకు వారి ఉద్దేశముమీద గౌరవమే గాని, ఆ కథలను చదివి చెప్పుచున్నారా యని శంక కలుగును. దధీచి యిచ్చినది దేవతలకు. అతడు తపస్వి, ఆలుబిడ్డల పోషణభారము కథలో ప్రసక్తము కాదు. శిబి రాజు. అతని మాంసమును తూచినది తక్కెడ, అనగా వర్తకుని పనిముట్టు. ఎంత కోసి వేసినను పావురము వైపే మొగ్గెను గాని తక్కెడ సరితూగలేదు. శరీరమునకు సరియైన తూనిక లేదని చెప్పుటకే కథకుడు తక్కెడను తెచ్చెనని నాకు తోచుచున్నది. ఇంతకును తుదకు శిబి దేహము మునుపటివలె నయ్యెను. మన కూలివానికి దేవతలు ప్రత్యక్షమై గాయమును మాన్పరు.

కర్ణుని కథ వేఱు. ఉన్నత పాఠశాలలో ఈ ఘట్టమును చెప్పినపు డొక పిల్లవాడు లేచి, 'మాస్టారూ, కర్ణుడు ఇంద్రుడి దగ్గర శక్తి తీసుకున్నాడు కదండీ, మరి అది దానమెలా అవుతుంది?' అని యడిగెను. వ్యాఖ్యాతలు దాటిపోవు చోటును పిల్లలు పట్టుకొందురు. అరణ్యపర్వమున, తెలుగున ఎఱ్ఱన పూరించిన భాగమున, ఈ కథ యున్నది. సూర్యుడు స్వప్నమున హెచ్చరించినపుడు ఇచ్చియే తీరుదునని కర్ణుడు చెప్పును. తనకు ప్రాణముకంటె కీర్తి యెక్కువ యనును. అట్లైన మాఱుగా అమోఘమైన శక్తి నడుగుమని సూర్యుడే యుపదేశించును. ఇంద్రుడు బ్రాహ్మణవేషమున వచ్చెను, కర్ణుడు గుర్తించెను, రాజ్యము, ధేనువులు ఇత్తునన్నను ఇంద్రు డొప్పుకొనలేదు. అంతట కర్ణుడు రెండు కోరెను. ఒకటి శక్తి. రెండవది, సహజమైన కవచమును కోసి తీసిన పిమ్మట తన దేహము వికృతము కాకుండుట. ఈ రెండవ కోరికను మనవారు తఱచు మఱచిపోవుచున్నారు.

ఈ రెంటికిని గల భేదమే ప్రోత్సాహకముల చర్చయందు మూలమైనదని నా మతము. దేహము వికృతము కాకుండ జూడుమనుట వెల కాదు. నే నిచ్చుచున్నాను, ఇచ్చినందువలన నాకు గాయము మాత్రము మిగుల్పకుము అనుట. అది దాత హక్కు. శక్తి నిమ్మనుట వెల. ఆ వెల కర్ణునికేమి యుపయోగించినది? ఒక్కనిని మాత్రమే చంపి ఇంద్రుని చేరునను నియమముతో వచ్చినది. అర్జునునికై దాచిన దానిని ఒక రాత్రి ఘటోత్కచునిపై వేయవలసివచ్చెను. కవచము పోయెను, శక్తియు పోయెను. చెన్నపట్టణమున మూత్రపిండము పోయి, సొమ్ము పోయి, అప్పు నిలిచినవారి కథ ఇదియే. వ్యాసుడు వారి నెఱుగడు గాని వెల స్వభావము నెఱుగును.

దాతకు మనము ఏమైన ఈయవచ్చునా యని ప్రశ్నించుటకు ముందు, దాతనుండి మన మేమేమి తీసికొనుచున్నామో లెక్క చూచుట న్యాయము. మూత్రపిండ మిచ్చిన కూలివాడు వారములకొలది పనికి పోరాదు. ఆసుపత్రి పట్టణమున నుండును. పల్లెనుండి రాకపోకలు, బస, తోడువచ్చినవాని తిండి, ఇంట పిల్లలను చూచువారి యేర్పాటు. శస్త్రవైద్యునికి, ఆసుపత్రికి, మందుల వర్తకునికి ప్రతిఫలము ముట్టును. ఊరక చేయవలసినవాడు దాత యొక్కడే. అతనికి మాత్రము శిబిచక్రవర్తి కథ వినిపింతుము. పొగడ్త కూడ నొక నాణెమే. ఇచ్చువానికి ఖర్చు లేని నాణెము.

మన 1994 చట్టము ఇచ్చట చాల వివేకముగా వ్రాయబడినది. నిషిద్ధమైన 'చెల్లింపు' ఏదో నిర్వచించుచు, అవయవమును తీయుటకు, కొనిపోవుటకు, నిలువజేయుటకు అగు ఖర్చును, దాతకు ప్రత్యక్షముగా కలిగిన వ్యయమును, సంపాదననష్టమును ఆ నిర్వచనమునుండి తొలగించినది. అనగా కూలి నష్టము నిచ్చుట నేరము కాదు. కాని ఈయవలెనని చట్టము శాసింపలేదు. ఈయవచ్చును అనుటకును, ఈయవలెను అనుటకును నడుమ బీదవాని సంసార మున్నది. అమెరికాలో తక్కువ ఆదాయము గల జీవదాతలకు ప్రయాణవ్యయము నిచ్చు ప్రభుత్వపు పథకము కలదు. 2020లో చేసిన నిబంధనచేత కూలి నష్టమును, పిల్లలను పెద్దలను చూచుటకగు వ్యయమును కూడ అందు చేర్చిరి. ఆ దేశమున 1984 నుండి అవయవవిక్రయము నేరమే. విక్రయమును నిషేధించుటకును, నష్టమును పూరించుటకును విరోధము లేదనుటకు ఇది చాలును.

పరిహారమేది, ప్రలోభమేది యను హద్దు నెట్లు గీయుట యని యడుగువారికి నాకు తోచిన పరీక్ష సులభము. ఈయకున్నచో ఎట్లుండెడివాడో, ఇచ్చిన పిమ్మటను సొమ్మువిషయమున అట్లే యుండినచో అది పరిహారము. ఇచ్చినందువలన అప్పు తీరెను, ఇల్లు కట్టెను, కూతురి పెండ్లి జరిగెను అన్నచో అది వెల. మొదటిదానికి ఆశపడి యెవ్వడును దేహమును కోయించుకొనడు.

టిట్మస్ గ్రంథము మనకు చాలని చోటు మఱియొకటి కలదు. అపరిచితునికి చేయు దానమే శ్రేష్ఠమని ఆయన వాదించెను. పుచ్చుకొనువా డెవడో తెలియనందున కృతజ్ఞత, ఋణము, ఒత్తిడి యుండవనెను. ఇది సూక్ష్మమైన పరిశీలన. కాని మన దేశమున జీవదాతలలో హెచ్చుమంది ఇంటివారే. 1995 నుండి 2021 వఱకు మన దేశమున జరిగిన 36,640 అవయవమార్పిడులలో 29,000కు పైగా పురుషులకు జరిగినవి. స్త్రీలకు జరిగినవి 6,945 మాత్రమే. ఇచ్చువారిలోనన్ననో తల్లులు, భార్యలు హెచ్చు. భర్త సంపాదించువాడు, అతనికి కోత తగదు, భార్య యింటిపట్టున నుండునది గదా యని పెద్దలు సమాధానపడుదురు. చట్టము ఆప్యాయతచేత నిచ్చుటను అంగీకరించినది. ఆ యాప్యాయత యెంతవఱకు ప్రేమ, ఎంతవఱకు అత్తవారింటి నిశ్శబ్దాజ్ఞ యనునది ఏ అనుమతిసంఘము కనిపెట్టగలదు? ఇందు చిల్లిగవ్వ చేతులు మాఱలేదు. ఐనను దీనిని స్వేచ్ఛాదానమని చెప్పుటకు నాకు నోరు రాదు. సొమ్ము లేనంతమాత్రమున దానము నిర్మలము కాదని టిట్మస్ గమనింపకపోవుట ఆయన గ్రంథమునకు పెద్ద కొఱత.

మరణించినవారి విషయము కొంత సులభము. కోత వలన వారికి కష్టము లేదు. 2023లో మన దేశమున 18,378 మార్పిడులు జరుగగా, మరణానంతరదాతలు 1,099 మంది మాత్రమే. జీవన్మృతి పొందినవారి అవయవములు విరివిగా లభించినచో బ్రదికియున్న బీదవానిమీదను, కోడలిమీదను భారము తగ్గును. ఇందుకై తమిళనాడు ప్రభుత్వము 2023లో అవయవదాతలకు అంత్యక్రియలు ప్రభుత్వలాంఛనములతో జరుపుదుమని ప్రకటించెను. దీనిని నేను మెచ్చుకొనుచున్నాను. గౌరవమును అమ్మి అప్పు తీర్చుట సాధ్యము కాదు. ఇశ్రాయేలులో 2008 చట్టము, దాతలుగా ముందే నమోదైనవారికి తమ యవసరకాలమున కొంత ప్రాధాన్యమిచ్చునది. ఇందును సొమ్ము లేదు గాని, అవసరము గల రోగిని వెనుకకు నెట్టి నమోదైన రోగిని ముందుకు తెచ్చుట వైద్యునకు తగిన పనియా యని నాకు సందేహము.

అన్నిటికంటె భయపడవలసినది ఆసుపత్రి బిల్లును గూర్చి. సమ్మతి పొందిన పిమ్మట అవయవములను నిలుపుటకగు ఖర్చు కుటుంబముమీద పడరాదని మన నిబంధనలు చెప్పుచున్నవి. అది న్యాయము. కాని అంతకు ముందు జరిగిన చికిత్స బాకీని, సమ్మతించినచో మాఫీ చేయుదుమనుట వేఱు సంగతి. శవము ఎదుట, లక్షల బాకీ చేతిలో, సంతకము చేయుమని కాగితము. ఆ సంతకమును దానమనుటకంటె తాకట్టు విడిపించుట యనుట మేలు. బాకీ మాఫీ చేయదలచినచో, ఇచ్చినను ఈయకున్నను మాఫీ చేయవలెను.

నేత్రదాన మీ భయములకు కొంత దూరమైనది. జీవన్మృతి నిర్ణయముతో పని లేదు. మరణించిన కొలది గంటలలో కార్నియాను సేకరింతురు. హైదరాబాదున ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యవిజ్ఞానసంస్థకు చెందిన నేత్రనిధి 1989 నుండి పనిచేయుచున్నది. అచ్చటివారు ఆసుపత్రులలో శిక్షణ పొందిన మనుష్యులనుంచి, దుఃఖములో నున్న కుటుంబమును మెల్లగా అడిగించుచున్నారు. సొమ్ము ఆశ చూపరు. అడుగువాడు లేకపోవుటయే చాలచోట్ల దానము లేకపోవుటకు కారణము. టిట్మస్ ప్రశ్నించిన దాతలలో సైతము పలువురు, తోటివా రడుగుటచేతనో, ప్రకటన విని యో ముందుకు వచ్చినవారే. ఈ యధ్యాయమును నేటి ప్రోత్సాహకవాదులు మరల చదువుట యవసరము.

గ్రంథపు శైలి పొడవైనది. లెక్కల పట్టికలు విసువు పుట్టించును. అమెరికా రక్తవ్యాపారమును గూర్చిన వివరములు నేటికి చాలవఱకు పాతబడినవి. 1997లో క్రొత్త అధ్యాయములతో పునర్ముద్రణము జరిగినది. మొదటిసారి చదువువారు దానినే తీసికొనుట మంచిది. దాతల మాటలనుంచిన ప్రకరణమును, అపరిచితుని గూర్చిన తుది ప్రకరణములను ముందుగా చదివి, పట్టికలను పిమ్మట చూచికొనవచ్చును. తెలుగున అనువదింపబూనువారు ఆరోగారి 1972 నాటి వ్యాసమును కూడ అదే సంపుటమున చేర్పవలెనని నా మనవి. పూర్వపక్షమును విడిచి సిద్ధాంతమును మాత్రము ముద్రించుట మన శాస్త్రసంప్రదాయము కాదు.